సి భాషలో ఆబ్జెక్టులు: రన్‌టైమ్ ఎంత రాసుకోవాలి, ఎక్కడ ఆపాలి

ప్రశ్న సారాంశం ఇది: "ఒంగోలులో చిన్న బృందం మాది. కొత్తపట్నం వైపు రొయ్యల చెరువుల కోసం నీటి నాణ్యత చూసే పరికరం తయారుచేస్తున్నాం. డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్), పీహెచ్, ఉష్ణోగ్రత, ఉప్పుశాతం సెన్సర్లు ఒక్కో కంపెనీవి ఒక్కో రకంగా ఉన్నాయి. కొత్త సెన్సర్ వచ్చిన ప్రతిసారీ పది చోట్ల స్విచ్ స్టేట్‌మెంట్లు మార్చాల్సి వస్తోంది. సి ప్లస్ ప్లస్ వద్దని మా సీనియర్ గట్టిగా చెప్పారు. సి లోనే క్లాసులు, ఇన్‌హెరిటెన్స్, వర్చువల్ ఫంక్షన్లు, రన్‌టైమ్‌లో టైపు తనిఖీ ఉండేలా ఒక లైబ్రరీ రాసుకోవచ్చా? దానిలో ఏమేమి ఉండాలి?"

రాసుకోవచ్చు. కాకపోతే మీరు అడిగిన నాలుగింటిలో రెండు మీకు పెద్దగా అక్కరలేదు. మీరు అడగనిది ఒకటి మాత్రం తప్పనిసరి. క్లాసులు, వర్చువల్ ఫంక్షన్లు (ఆబ్జెక్టు రకాన్ని బట్టి సరైన కోడుకు వెళ్లే పిలుపులు) ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోయే పని. లోతైన ఇన్‌హెరిటెన్స్ (ఒక రకం మీద ఇంకో రకాన్ని కట్టుకుంటూ పోవడం), టైపు తనిఖీ లేకుండానే మీ పరికరం హాయిగా నడుస్తుంది. మీరు అడగనిది ఆబ్జెక్టు ఆయుష్షు గురించి: అది ఎప్పుడు పుడుతుంది, ఎవరి సొత్తు, ఎప్పుడు పోతుంది, పోయాక దాని చిరునామా ఇంకా ఎవరి చేతిలో మిగిలి ఉంటుంది. నేను నెల్లూరులో ఉంటూ చాలా ఏళ్లుగా ఇలాంటి చిన్న చిప్‌ల మీదే పని చేస్తున్నాను. ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు చెరువు గట్ల నుంచి బాగుచేయమని వచ్చే పెట్టెల్లో నాకు దొరికే సాఫ్ట్‌వేర్ లోపాలు ఎక్కువగా ఈ కోవలోవే. ఫంక్షన్ పిలుపు తప్పు చోటికి వెళ్లినవి చాలా తక్కువ.

కోడు అతికించడం లేదు. నిర్మాణం మాటల్లో చెబుతాను. అది మనసుకు పట్టాక కోడు రాయడం మీకు కష్టం కాదు.

సి లో ఇది సాధ్యమా అన్న అనుమానానికి చరిత్రే జవాబు చెబుతుంది. బ్యార్నే స్ట్రౌస్ట్రప్ 1979లో "క్లాసులున్న సి" అంటూ మొదలుపెట్టిన పనే తర్వాత సి ప్లస్ ప్లస్ అయింది. 1985లో బయటికి వచ్చిన దాని మొదటి కంపైలర్ సీఫ్రంట్, మనం రాసిన క్లాసులను మామూలు సి కోడుగా మార్చి, ఆ యంత్రం మీద ఉన్న సి కంపైలర్‌కే అప్పగించేది. అంటే వర్చువల్ ఫంక్షన్లు మొదట నడిచింది సి స్ట్రక్చర్లుగా (కలిపి ఉంచిన విలువల కట్టలు), ఫంక్షన్ పాయింటర్లుగానే (ఫంక్షన్ల చిరునామాలు). అదే కాలంలో బ్రాడ్ కాక్స్, టామ్ లవ్ చేసిన ఆబ్జెక్టివ్ సి వేరే దారి పట్టింది. అందులో ఫంక్షన్ పేరే ఒక సందేశంగా వెళుతుంది. ఏ కోడు నడవాలో రన్‌టైమ్ (ప్రోగ్రాం నడిచేటప్పుడు వెనక పని చేసే సహాయక కోడు) అప్పటికప్పుడు వెతికి తేలుస్తుంది. సి లో ఆబ్జెక్టుల కోసం ఎవరు ఏ లైబ్రరీ రాసినా చివరికి ఈ రెండు దారుల్లో ఒకదానికి దగ్గరగా వచ్చి ఆగుతుంది. మీకు మొదటిది చాలు. రెండో దాని గురించి తర్వాత రెండు ముక్కలు చెబుతాను.

ముందు ఆబ్జెక్టు ఆకారం. సెన్సర్ అనే మూల స్ట్రక్చర్ ఒకటి రాయండి. అందులో మొదటి సభ్యంగా ఒక్క పాయింటర్ మాత్రమే: ఆ రకం సెన్సర్ చేయగల పనుల పట్టికకు. పీహెచ్ సెన్సర్ స్ట్రక్చర్‌లో మొదటి సభ్యంగా ఈ మూల స్ట్రక్చర్‌నే పొదగండి, పాయింటర్‌గా కాదు, విలువగా. ఒక స్ట్రక్చర్ చిరునామాను సరిగ్గా మార్చుకుంటే అది దాని మొదటి సభ్యం చిరునామాయే అవుతుందని, తిరుగుదారి కూడా అంతేనని సి ప్రమాణం హామీ ఇస్తుంది. ఇన్‌హెరిటెన్స్ అంతా ఈ ఒక్క హామీ మీద నిలబడుతుంది. మూల స్ట్రక్చర్‌ను పొదగకుండా దాని సభ్యాలనే ప్రతి స్ట్రక్చర్ మొదట్లో మళ్లీ టైపు చేసేవాళ్లు ఉన్నారు. ఆప్టిమైజర్ వేరువేరు రకాల పాయింటర్లు ఒకే చోటును చూపవని అనుకుని కోడు తిరగరాసినప్పుడు అలాంటివాళ్లకు రాత్రి నిద్ర ఉండదు. లినక్స్ కెర్నల్ ఆ ఊహను మొత్తంగా ఆపేసే కంపైలర్ ఐచ్ఛికంతోనే తయారవుతుంది. మీరు పొదిగి రాస్తే ఈ ఒక్క కారణం కోసం దాని జోలికి వెళ్లనక్కరలేదు.

పట్టికను ఆబ్జెక్టు బయట ఎందుకు పెట్టాలి, ఫంక్షన్ పాయింటర్లను నేరుగా ఆబ్జెక్టులోనే పెట్టుకోకూడదా అని చాలామంది అడుగుతారు. లెక్క వేయండి. ఎనిమిది ఫంక్షన్లు, 32 బిట్ల చిప్‌లో ఒక్కో పాయింటర్ 4 బైట్లు. ఆబ్జెక్టుకు 32 బైట్లు. ఇరవై నాలుగు సెన్సర్లుంటే 768 బైట్ల ర్యామ్ ఒకే రకం సమాచారాన్ని మళ్లీ మళ్లీ దాచడానికి పోతుంది. పట్టిక బయట ఉంటే ఆబ్జెక్టుకు ఒక్క పాయింటరే, మొత్తం 96 బైట్లు. ఎస్‌టీఎం32 కుటుంబంలో చౌకగా దొరికే ఎఫ్103సీ8 చిప్‌లో ర్యామ్ 20 కిలోబైట్లే కాబట్టి ఈ తేడా కనిపిస్తుంది. పైగా పట్టికను కాన్‌స్ట్ (మారనిది) అని ప్రకటిస్తే అది ప్రోగ్రాం ఉండే శాశ్వత మెమరీ అయిన ఫ్లాష్‌లోకి వెళుతుంది. ఎక్కడో ఒక శ్రేణి హద్దు దాటి రాసినా పట్టిక చెడదు.

ఇక్కడ ఒక మినహాయింపు ఉంది. ఆర్డునో ఊనోలో ఉండే ఏటీమెగా 328పీ మీద ప్రయోగాలు చేస్తుంటే, అక్కడ కాన్‌స్ట్ అన్నంత మాత్రాన పట్టిక ఫ్లాష్‌లో మిగలదు. ఆ చిప్‌లో ఫ్లాష్, ర్యామ్ వేరువేరు చిరునామా లోకాలు. మామూలు పాయింటర్‌తో ఫ్లాష్ చదవడం కుదరదు కాబట్టి, కంపైలర్ కాన్‌స్ట్ పట్టికలను కూడా ప్రారంభంలోనే ర్యామ్‌లోకి నకలు తీస్తుంది. ఉన్నదే 2 కిలోబైట్లు. ప్రోగ్‌మెమ్ అనే గుర్తు పెట్టి, చదివేటప్పుడు ప్రత్యేక ఫంక్షన్లు వాడాలి. ఎస్‌టీఎం32 లాంటి ఆర్మ్ చిప్‌లలో ఈ గొడవ లేదు.

పట్టికలో ఖాళీ గడులు వదలకండి. ఉష్ణోగ్రత సెన్సర్‌కు క్యాలిబ్రేషన్ లేదని ఆ గడిలో నల్ (ఖాళీ చిరునామా) పెడితే, పిలిచే ప్రతి చోటా తనిఖీ రాయాలి, ఒక చోట మరిచిపోతారు. "ఈ పని నాకు రాదు" అనే ఎర్రర్ కోడు తిరిగిచ్చే ఒక చిన్న ఫంక్షన్ రాసి ఖాళీ గడులన్నిటిలో దాన్నే పెట్టండి. ఆబ్జెక్టు పాయింటరే నల్ అయితే ఏమవుతుందో కూడా తెలుసుకోండి, సరదాగా ఉంటుంది. కార్టెక్స్ ఎం3 (ఎఫ్103 లోపలి ప్రాసెసర్) చిప్‌లో సున్నా చిరునామాను చదివితే ప్రోగ్రాం అక్కడికక్కడే ఆగిపోదు. అక్కడ వెక్టర్ టేబుల్ (చిప్ మొదలయ్యేటప్పుడు చూసే చిరునామాల జాబితా) ఉంటుంది. దాని మొదటి పదం స్టాక్ మొదలయ్యే చిరునామా. మీ కోడు ఆ స్టాక్ చిరునామానే "పనుల పట్టిక" అనుకుని ఇంకో అడుగు ముందుకు వేసి, ఏదో ఒక సంబంధం లేని చోట పడిపోతుంది. ఫాల్ట్ నివేదికలో కనిపించే చిరునామా అసలు తప్పును ఏమాత్రం చూపదు. అందుకే ప్రతి పనికీ ఒక చిన్న బయటి ఫంక్షన్ రాసి, పాయింటర్‌ను అందులో తనిఖీ చేసి, తర్వాతే పట్టికలోంచి పిలవండి. మిగతా కోడు ఎవరూ పట్టికను నేరుగా ముట్టుకోకూడదు.

ఇప్పుడు పుస్తకాలు ఎక్కువగా దాటవేసే చోటు. పీహెచ్ సెన్సర్ చదివే ఫంక్షన్‌కు మొదటి ఆర్గ్యుమెంట్ ఏ రకం? పీహెచ్ సెన్సర్ పాయింటర్ అని రాసి, పట్టికలో పెట్టేటప్పుడు ఫంక్షన్ పాయింటర్‌ను బలవంతంగా మార్చడం చాలా మందికి అలవాటు. సి ప్రమాణం ప్రకారం ఒక రకం ఫంక్షన్‌ను దానికి పొసగని రకం పాయింటర్ ద్వారా పిలిస్తే ఏం జరుగుతుందో చెప్పలేం. పాయింటర్ రకం ఒక్కటే తేడా అయితే మామూలు చిప్‌ల మీద నడిచిపోతుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు. కానీ ఆర్గ్యుమెంట్ల సంఖ్యో, తిరిగి ఇచ్చే రకమో తేడా ఉన్న కోడును వెబ్ అసెంబ్లీకి మార్చి బ్రౌజర్‌లో నడిపితే ఆ పిలుపు దగ్గరే ఆగిపోతుంది. క్లాంగ్ కంపైలర్‌లో పిలుపుల రకాలను కాపలా కాసే ఏర్పాటు ఉంది. దాన్ని వాడితే పాయింటర్ రకం తేడా కూడా దొరికిపోతుంది. కాబట్టి ఫంక్షన్ ఎప్పుడూ మూల సెన్సర్ పాయింటర్‌నే తీసుకోవాలి, లోపలికి వచ్చాక మొదటి వరుసలో దాన్ని తన రకానికి మార్చుకోవాలి. పట్టిక నింపేటప్పుడు ఎక్కడా బలవంతపు మార్పిడి రాయకండి. రాయకపోతే తప్పులను కంపైలరే పట్టిస్తుంది. రాస్తే దాని నోరు మనమే మూసినట్టు. పట్టిక నింపడానికి సి99లో వచ్చిన, సభ్యం పేరు చెప్పి విలువ ఇచ్చే పద్ధతి వాడండి. మధ్యలో కొత్త గడి చేర్చినా పాతవి జరిగిపోవు.

ఒక ఆబ్జెక్టు రెండు రకాల పాత్రలు పోషించాల్సి వచ్చినప్పుడు "మొదటి సభ్యం" ఉపాయం సరిపోదు, ఎందుకంటే మొదటి స్థానం ఒక్కటే. మీ విషయంలో ఇది తప్పక వస్తుంది. పీహెచ్ ప్రోబ్‌కు 4, 7 బఫర్ ద్రావణాలతో రెండు మెట్లలో క్యాలిబ్రేషన్ చేస్తారు. డీవో ప్రోబ్‌ను చాలాసార్లు గాలిలో పెట్టి ఒక్క మెట్టులో ముగిస్తారు. ఉష్ణోగ్రతకు సాధారణంగా ఏదీ ఉండదు. అన్నిటినీ ఒకే "క్యాలిబ్రేట్" ఫంక్షన్‌లో ఇరికిస్తే ఆర్గ్యుమెంట్లు సంతలా తయారవుతాయి. క్యాలిబ్రేషన్‌ను వేరే ఇంటర్‌ఫేస్‌గా తీయండి: మెట్టు సంఖ్య, తెలిసిన విలువ ఇస్తే చాలు. ఆ ఇంటర్‌ఫేస్ స్ట్రక్చర్‌ను పీహెచ్ సెన్సర్ మధ్యలో ఎక్కడైనా పొదగండి. లోపలి సభ్యం చిరునామా నుంచి బయటి స్ట్రక్చర్ చిరునామాకు రావడానికి లినక్స్ కెర్నల్‌లో అడుగడుగునా కనిపించే కంటైనర్ ఆఫ్ అనే మాక్రో ఉంది. సభ్యం ఎన్ని బైట్ల దూరంలో ఉందో ఆఫ్‌సెట్ ఆఫ్ చెబుతుంది, అంత వెనక్కి జరిగితే బయటి స్ట్రక్చర్ మొదలు దొరుకుతుంది. కెర్నల్‌లో ఫైల్ ఆపరేషన్స్ పట్టిక, దానిలో ఓపెన్, రీడ్, రైట్ గడులు, వాటిని నింపుతూ వచ్చే వందల డ్రైవర్లు... సి లో ఆబ్జెక్టులు ఎలా ఉండాలో చూడటానికి నా దృష్టిలో అంతకంటే మంచి బడి లేదు. అక్కడ కూడా క్లాస్ అనే పెద్ద హంగామా ఏమీ కనిపించదు. పట్టికలు, పొదిగిన స్ట్రక్చర్లు, అంతే.

ఇన్‌హెరిటెన్స్ ఎంత లోతు ఉండవచ్చు అంటే, నా మాట ఒక్క మెట్టు. మూల సెన్సర్, దాని కింద అసలు సెన్సర్లు. "మోడ్‌బస్ సెన్సర్" అని మధ్య మెట్టు పెట్టాలని మీకు అనిపిస్తుంది, ఎందుకంటే కొన్ని ప్రోబ్‌లు ఆర్‌ఎస్ 485 తీగ మీద మోడ్‌బస్ అనే పద్ధతిలో మాట్లాడతాయి, కొన్ని ఉత్త మిల్లీవోల్టులు ఇస్తాయి. పెట్టకండి. రేపు అదే పీహెచ్ ప్రోబ్ అనలాగ్ రకం వస్తే రెండు శాఖల్లో ఒకే కోడు రాయాల్సి వస్తుంది. మోడ్‌బస్ పోర్టును వేరే ఆబ్జెక్టు చేసి, సెన్సర్‌కు దాని పాయింటర్ ఇవ్వండి.

టైపు తనిఖీ. ప్రతి పట్టికలో తన తల్లి పట్టికకు ఒక పాయింటర్ పెడితే, "ఇది ఫలానా రకమా" అనే ప్రశ్నకు పైకి నడుచుకుంటూ వెళ్లి జవాబు చెప్పవచ్చు. మెట్లు ఎక్కువైతే ప్రతి రకం తన పూర్వీకులందరి జాబితాను, తన లోతును దగ్గర పెట్టుకోవచ్చు. అప్పుడు జాబితాలో ఒక్క చోట చూస్తే తేలిపోతుంది. తెర మీద కిటికీలు, బటన్లు గీసే జీటీకే లైబ్రరీ కింద ఉండే జీఆబ్జెక్ట్ వ్యవస్థ క్లాసుల విషయంలో ఈ పనే చేస్తుంది. పైథాన్ అసలు అమలు కూడా సి లోనే ఉంది. అందులో ప్రతి ఆబ్జెక్టు మొదట్లో ఒక రిఫరెన్స్ లెక్క (తనను ఎన్ని చోట్ల పట్టుకుని ఉన్నారో చెప్పే అంకె), ఒక టైపు పాయింటర్ ఉంటాయి. ఇవన్నీ చేయవచ్చు, చేసేవాళ్లకు కారణాలున్నాయి. మీకు మాత్రం ఎందుకు? పరికరం కోడులో "నువ్వు పీహెచ్ సెన్సర్‌వా" అని అడిగే చోటు కనిపించిందంటే, మీరు వదిలించుకోవాలనుకున్న స్విచ్ స్టేట్‌మెంట్ దొడ్డిదారిన తిరిగి వచ్చినట్టే. ఆ ప్రశ్న వెనుక ఉన్న పనిని పట్టికలో ఒక గడిగా మార్చండి. డీబగ్ కోసం పట్టికలో రకం పేరు ఒక స్ట్రింగ్‌గా (అక్షరాల వరుసగా) పెట్టుకోండి, అది చాలు.

ఆబ్జెక్టివ్ సి దారి గురించి చెబుతానన్నాను కదా. అక్కడ ప్రతి ఆబ్జెక్టు తన క్లాసును చూపుతుంది. సందేశం పేర్లను ముందే ఒకే చోట నమోదు చేసి ఉంచుతారు కాబట్టి రెండు పేర్లు ఒకటేనా అన్నది పాయింటర్లు పోల్చి తేలుస్తారు. వెతికిన ఫలితాన్ని క్లాసు దగ్గర ఒక క్యాష్‌లో దాచుకుంటారు. యాపిల్ అమలులో ఆ వెతుకులాట ఫంక్షన్‌ను చేత్తో అసెంబ్లీలో రాశారు, అంత వేగం కావాలి కాబట్టి. ప్రోగ్రాం నడుస్తుండగా కొత్త క్లాసులు, కొత్త పనులు వచ్చి చేరే చోట ఇది అందమైన ఏర్పాటు. మీ పెట్టెలో ఏ సెన్సర్లు ఉండగలవో కంపైల్ చేసే రోజే తెలుసు. వదిలేయండి.

ఇక అసలు సంగతికి వస్తాను.

పుట్టుక నుంచి మొదలుపెడదాం. మెమరీ తీసుకోవడం, ఆబ్జెక్టును సిద్ధం చేయడం వేరువేరు ఫంక్షన్లుగా ఉంచండి. సిద్ధం చేసే ఫంక్షన్‌కు మెమరీ ఎక్కడిదో తెలియనక్కరలేదు. స్టాటిక్ శ్రేణిలోది కావచ్చు, పరీక్షలో స్టాక్ మీదిది కావచ్చు. అందులో ముందు మూల భాగం సిద్ధం కావాలి, తర్వాత సొంత భాగం, పట్టిక పాయింటర్ అన్నిటికంటే చివర. సి ప్లస్ ప్లస్‌లో మూల కన్‌స్ట్రక్టర్ నడుస్తున్నంతసేపు పట్టిక మూల క్లాసుదిగా ఉంటుంది, తర్వాత మారుతుంది. మీకు ఆ సూక్ష్మం అక్కరలేదు. పట్టిక చివర పెడితే సగం తయారైన ఆబ్జెక్టును ఏ ఇంటరప్ట్ (నడుస్తున్న పనిని మధ్యలో ఆపి వచ్చే కోడు) కూడా పొరపాటున పిలవలేదు, మెమరీని ముందే సున్నాలతో నింపి, బయటి ఫంక్షన్‌లో పట్టిక నల్ అయితే వెనక్కి పంపే తనిఖీ ఉంటే. కంపైలర్ ఆ రాతను ముందుకు జరపకుండా చూడటానికి అక్కడ ఒక బ్యారియర్ కూడా పెట్టాలి. మధ్యలో ఏదైనా విఫలమైతే అంతవరకు తీసుకున్నవి తీసుకున్న క్రమానికి వ్యతిరేకంగా వదలాలి. కూల్చడం ఎప్పుడూ తలకిందుల క్రమమే: ముందు సొంత భాగం, తర్వాత మూల భాగం.

పరికరం మొదలయ్యాక మ్యాలక్ (నడుస్తుండగా మెమరీ అడిగి తీసుకునే ఫంక్షన్) పిలవకండి. చెరువు గట్టు మీద షెడ్డులో నెలల తరబడి నడవాల్సిన పెట్టెలో హీప్ (ఆ మెమరీ వచ్చే చోటు) ముక్కలు ముక్కలై, ఒక రోజు చిన్న బఫర్‌కు కూడా చోటు దొరకదు. నీటిలో డీవో బాగా పడిపోయేది తెల్లవారుజామున. నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు తిప్పమని చెప్పాల్సిన పెట్టె ఆ వేళ చేతులెత్తేస్తే నష్టం మామూలుగా ఉండదు. ప్రతి రకానికి గరిష్ఠంగా ఎన్ని ఆబ్జెక్టులు కావాలో లెక్క వేసి, ఆ సైజుకు స్థిరమైన పూల్ (ముందే కేటాయించిన గడుల వరుస) కట్టండి. నిండితే ఎర్రర్ ఇవ్వండి. ఆ ఎర్రర్ మీ బల్ల మీదే కనిపిస్తుంది, రైతు చెరువు దగ్గర కాదు.

ఇప్పుడు యాజమాన్యం. మీ సెన్సర్లు ఒకదాని మీద ఒకటి ఆధారపడతాయి, ఇది ఆలోచించారో లేదో. పీహెచ్ లెక్కకు ఉష్ణోగ్రత కావాలి: 25 డిగ్రీల దగ్గర ఒక పీహెచ్ ప్రమాణానికి సిద్ధాంతం ప్రకారం సుమారు 59.16 మిల్లీవోల్టులు, ఉష్ణోగ్రత మారితే అదీ మారుతుంది. డీవో లెక్కకు ఉష్ణోగ్రతతో పాటు ఉప్పుశాతం కూడా కావాలి. అంటే డీవో ఆబ్జెక్టు దగ్గర మరో రెండు ఆబ్జెక్టుల పాయింటర్లు ఉంటాయి. మన ప్రాంతంలో చెరువు లీజుకు తీసుకున్నవాడు రొయ్య పెంచుకోవచ్చు గానీ చెరువును అమ్మలేడు. పాయింటర్లు కూడా అలా రెండు రకాలు, కూల్చే హక్కున్నవి, వాడుకునే హక్కు మాత్రమే ఉన్నవి. సి కి ఈ తేడా తెలియదు, రెండూ ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి స్ట్రక్చర్‌లో ప్రతి పాయింటర్ పక్కన అది ఏ రకమో వ్యాఖ్యలో రాయడం, కూల్చే ఫంక్షన్‌లో సొంతవి మాత్రమే వదలడం మీ బృందం మొత్తం పాటించాల్సిన కట్టుబాటు. మీ పరికరంలో చెరువు ఆబ్జెక్టు సెన్సర్లన్నిటికీ యజమాని. సెన్సర్లు ఒకదాన్నొకటి, తిరిగి చెరువునూ లీజు పద్ధతిలోనే చూడాలి.

రిఫరెన్స్ లెక్కలు పెట్టవచ్చు కదా అంటారు. పెట్టవచ్చు. కానీ చెరువు సెన్సర్‌ను, సెన్సర్ చెరువును లెక్కలో పట్టుకుంటే రెండూ ఎప్పటికీ సున్నాకు రావు. ఒక దిక్కున బలహీన పాయింటర్ పెట్టాలి, అంటే మళ్లీ పై కట్టుబాటు దగ్గరికే వచ్చాం. పైగా ఇంటరప్ట్‌లోంచి కూడా లెక్క మారుతుంటే ఆ మార్పు విడదీయలేనిదిగా జరగాలి. కార్టెక్స్ ఎం3లో దానికి ప్రత్యేక సూచనలున్నాయి. ఇంకా చిన్నదైన ఎం0లో లేవు, అక్కడ కాసేపు ఇంటరప్ట్‌లు ఆపాల్సిందే. డెస్క్‌టాప్ ప్రోగ్రాంలో లెక్కలు మంచి పరిష్కారం. స్థిరమైన సంఖ్యలో సెన్సర్లున్న పెట్టెకు అనవసరపు భారం. చెత్త ఏరే యంత్రాంగం (గార్బేజ్ కలెక్టర్, ఎవరూ వాడని మెమరీని తనంతట తాను వెనక్కి తీసుకునేది) గురించి కూడా ఎవరో ఒకరు సలహా ఇస్తారు. హాన్స్ బోహ్మ్ పేరుతో ప్రసిద్ధమైన కలెక్టర్ సి ప్రోగ్రాంలకు బాగానే పని చేస్తుంది, పెద్ద కంప్యూటర్ల మీద. 20 కిలోబైట్ల ర్యామ్‌లో దాని మాట ఎత్తకండి.

మీకు సరిపోయేది హ్యాండిల్, అంటే చిరునామాకు బదులు వాడే గుర్తింపు సంఖ్య. రైతు పాడైన ఉష్ణోగ్రత ప్రోబ్ పీకి కొత్తది పెడతాడు. పాత ఆబ్జెక్టు పోయి అదే పూల్ గడిలో కొత్తది, బహుశా వేరే రకానిది, వస్తుంది. డీవో ఆబ్జెక్టు దగ్గర పాత పాయింటర్ అలాగే ఉంటుంది. అది నల్ కాదు, చూడటానికి సరైన చిరునామాయే. అందుకే ఈ లోపం క్రాష్ కాకుండా తప్పు అంకెలు చూపిస్తుంది, పట్టుకోవడం మహా కష్టం. పాయింటర్ బదులు గడి సంఖ్య, దానితో పాటు తరం సంఖ్య దాచుకోండి. గడి ఖాళీ అయిన ప్రతిసారీ పూల్ ఆ గడి తరాన్ని ఒకటి పెంచుతుంది. హ్యాండిల్‌లో ఉన్న తరం, గడిలో ఉన్న తరం కలవకపోతే "ఆ సెన్సర్ ఇక లేదు" అని స్పష్టమైన జవాబు వస్తుంది. అప్పుడు డీవో ఆబ్జెక్టు అంచనా ఉష్ణోగ్రతతో లెక్క వేయాలా, తెర మీద హెచ్చరిక చూపాలా అనేది మీరు నిర్ణయించే విషయం. గడి సంఖ్యకు ఒక బైటు, తరానికి ఒక బైటు. పాయింటర్ కంటే చిన్నది కూడా.

ప్రోబ్ పీకే సమయానికి మోడ్‌బస్ జవాబు దారిలో ఉండవచ్చు. అందుకే కూల్చడాన్ని రెండు దశలుగా చేయండి. మొదటి దశలో ఆబ్జెక్టు తన సంబంధాలన్నీ తెంచుకుని "పోయినది" అని గుర్తు వేసుకుంటుంది. ఈ ఫంక్షన్‌ను రెండుసార్లు పిలిచినా నష్టం ఉండకూడదు. పెండింగ్ పిలుపులు ముగిశాక రెండో దశలో గడి పూల్‌కు తిరిగి వెళుతుంది. జీఆబ్జెక్ట్‌లో డిస్పోజ్, ఫైనలైజ్ అని విడివిడిగా ఉండటానికి ఇలాంటి చిక్కులే కారణం. ఆ లైబ్రరీని మీ చిప్‌లోకి మోసుకురావద్దు గానీ, ఈ ఆలోచన కోసం దాని సోర్స్ కోడు ఒకసారి చదవండి.

ఎక్సెప్షన్ల కోసం (తప్పు జరిగితే నేరుగా పై ఫంక్షన్‌కు దూకడానికి) సెట్‌జంప్, లాంగ్‌జంప్ వాడవచ్చా అని అడిగేలోపే చెబుతున్నాను, వద్దు. దూకిన తర్వాత, మధ్యలో మారిన స్థానిక చరరాశులు వొలటైల్ కాకపోతే వాటి విలువ ఏమిటో చెప్పలేం. దారిలో కూల్చాల్సినవి ఎవరూ కూల్చరు. ప్రతి ఫంక్షన్ ఎర్రర్ కోడు తిరిగివ్వాలి, చదివిన విలువ పాయింటర్ ద్వారా రావాలి. చూడటానికి మొరటుగా ఉంటుంది, నడుస్తుంది.

కొత్త సెన్సర్ ఫైలు చేర్చితే చాలు, ఇంకెక్కడా మార్చకుండా అది తనంతట తాను నమోదు కావాలన్నది మీ కోరిక అని తెలుస్తోంది. ప్రతి ఫైలు తన పట్టిక చిరునామాను లింకర్ (కంపైల్ అయిన ముక్కలను కలిపే సాధనం) చూసే ఒక ప్రత్యేక విభాగంలో పెడితే, ఆ విభాగం మొదలు నుంచి చివరి వరకు నడిచి అన్ని రకాలనూ కనుక్కోవచ్చు. లినక్స్ ప్రారంభ ఫంక్షన్లు ఇలాగే పోగవుతాయి. ఒక ఉచ్చు మాత్రం ఉంది: వాడని విభాగాలను తీసేయమని లింకర్‌కు చెప్పి ఉంటే, ఎవరూ పేరుతో పిలవని మీ పట్టికలను అది నిశ్శబ్దంగా తీసేస్తుంది. లింకర్ స్క్రిప్టులో కీప్ అని రాయాలి. ఇదంతా ఎందుకనుకుంటే, అన్ని పట్టికల పేర్లూ ఒకే ఫైలులో ఒక శ్రేణిగా రాసుకోండి. పది చోట్ల బదులు ఒక్క చోట మారుతుంది, చదివేవాళ్లకు అన్నీ కళ్లెదుట ఉంటాయి. నేనైతే ఇదే చేస్తాను.

పట్టిక ద్వారా పిలిస్తే నెమ్మది కాదా అని మీ సీనియర్ అడిగితే ఈ లెక్క చూపండి. మోడ్‌బస్ 9600 బాడ్ (సెకనుకు 9600 బిట్లు) మీద ఒక్క బైటు, 11 బిట్లుగా, తీగ మీద నడవడానికి దాదాపు 1.15 మిల్లీసెకన్లు పడుతుంది. 72 మెగాహెర్ట్జ్ చిప్ ఆ వ్యవధిలో 80 వేలకు పైగా గడియార చక్రాలు తిరుగుతుంది. పట్టికలోంచి పిలవడానికి మామూలు పిలుపు కంటే అదనంగా పట్టేవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని.

ఆయనను ఇంకో ప్రశ్న కూడా వినయంగా అడగండి: సి ప్లస్ ప్లస్ వద్దనడానికి కారణం ఏమిటి? ఎక్సెప్షన్లు, టైపు సమాచారం ఆపేసి కంపైల్ చేసే ఐచ్ఛికాలు జీసీసీ, క్లాంగ్ రెండిటిలోనూ ఉన్నాయి. అలా కట్టిన కోడు పరిమాణం మీరు చేత్తో రాసే పట్టికలకు దగ్గరగానే ఉంటుంది. కంపైలర్ దొరకకపోవడమో, కస్టమర్ నిబంధనో కారణమైతే సరే, సి లోనే చేయండి. ఉత్త భయమే అయితే ఒకసారి రెండు విధాలా కంపైల్ చేసి, మ్యాప్ ఫైళ్లు (ఏది ఎంత మెమరీ తీసుకుందో లింకర్ రాసిచ్చేవి) పక్కపక్కన పెట్టి చూపించండి.

మొదట రాయాల్సింది అసలు సెన్సర్ కాదు, ఉత్తుత్తి సెన్సర్. పట్టికలో నాలుగే గడులు పెట్టుకోండి: మొదలు, చదువు, ఆపు, రకం పేరు. ఉత్తుత్తి సెన్సర్ ఒక శ్రేణిలోంచి అంకెలు ఇస్తుంది, అడిగినప్పుడు ఎర్రర్ ఇస్తుంది, మధ్యలో మాయమవుతుంది. దానితో ఏరియేటర్లు నడిపే తర్కం మొత్తాన్ని మీ ఒంగోలు ఆఫీసులో మామూలు కంప్యూటర్ మీదే కంపైల్ చేసి, మెమరీ తప్పులు పట్టే శానిటైజర్ తగిలించి పరీక్షించవచ్చు. డీవో 4 పీపీఎం కిందికి దిగుతున్న అంకెలు ఇస్తూ, సరిగ్గా అప్పుడే ఉష్ణోగ్రత సెన్సర్‌ను మాయం చేసి చూడండి. మీ కోడు ఏ నిర్ణయం తీసుకుందో, మీరు వాడుతున్న చిప్ ఏదో చెబితే పూల్ సైజుల సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.